వించెస్టర్‌లో ఒక శనివారం, అమ్మతో

అమ్మ గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది, ఈ మూడు వారాల్లో చూసిందల్లా మా ఇల్లు, టెస్కో సూపర్‌మార్కెట్, ఇంకా మా ఇంటి దగ్గర ఉన్న పాత అబ్బే, అంటే క్రైస్తవ సన్యాసుల మఠం, శిథిలాలు. మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ అనే ఊళ్ళో. ఆ శిథిలాల్లో ఒక గోడకి రాతి పలక ఉంటుంది, దాని మీద 13వ శతాబ్దం పాట ఒకటి నోట్స్‌తో సహా చెక్కి ఉంటుంది, ఎండాకాలం వచ్చింది కోయిలా గట్టిగా పాడు అని. ఒకళ్ళు మొదలుపెట్టిన కాసేపటికి వెనకే ఇంకొకళ్ళు అదే ట్యూన్ అందుకుంటారు, అలా నలుగురు, కింద ఇంకో ఇద్దరు ఒక చిన్న ముక్కనే తిప్పి తిప్పి పాడుతుంటారు. నేను రోజూ ఆఫీసుకి ఆ పక్కనుంచే నడిచి వెళ్తా గానీ ఎప్పుడూ ఆగి చూసింది లేదు. అమ్మ ఆగింది. "ఆరుగురు తలో రకంగా పాడితే గోలగా ఉండదంట్రా?" అంది, మళ్ళీ తనే, "అసలు చర్చిలో ఇట్లా రెండు గొంతులతో పాడటం ఎప్పుడు మొదలైంది?" అంది.

అమ్మకి ఈ డౌట్ రావడంలో వింత లేదు, గుంటూరులో మా లూథరన్ చర్చి క్వైర్‌లో ముప్పై ఏళ్ళు ఆల్టో పాడింది, అంటే అసలు ట్యూన్ కాదు, దాని కింద నడిచే గొంతు. మామూలు ఆదివారాలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, అవి అందరం ఒకే ట్యూన్‌లో పాడేస్తాం, క్రిస్మస్‌కి మాత్రం ఇంగ్లీష్ పాటలు నాలుగు గొంతుల్లో. ఆ నెలంతా వంటింట్లో అమ్మ ఆల్టో లైన్ ఒక్కటే ప్రాక్టీస్ చేస్తుంటే అది పాటలాగే ఉండేది కాదు, ఒకే స్వరం పట్టుకుని సాగదీస్తున్నట్టు ఉండేది, నాన్న అయితే "ఏంటే ఆ మూలుగు" అనేవాడు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే తేలింది ఏంటంటే, ఇంగ్లండ్‌లో రెండు గొంతుల పాటలు పెద్ద ఎత్తున రాసిపెట్టిన పాత పుస్తకం వించెస్టర్‌ది, 11వ శతాబ్దం మొదట్లోది. రెడింగ్ నుంచి ట్రైన్‌లో గంట కూడా పట్టదు. అంతే, శనివారం పొద్దున్నే పులిహోర డబ్బాతో బయల్దేరాం.

స్టేషన్ నుంచి కథీడ్రల్‌కి పది పదిహేను నిమిషాల నడక. దూరం నుంచి చూస్తే అంత గొప్పగా అనిపించదు, గోపురం పొట్టిగా మొద్దుగా ఉంటుంది, లోపలికెళ్ళాక తెలుస్తుంది పొడవు, ఈ చివర నిలబడితే ఆ చివర మనుషులు చీమల్లా కనపడతారు. మేం మాత్రం ముందు లోపలికి వెళ్ళలేదు. మాకు కావాల్సింది బయటే ఉంది, ఉత్తరం వైపు పచ్చికలో. అక్కడ నేల మీద ఇటుకలతో గీతలు పరిచి ఉంటాయి, ఓల్డ్ మిన్‌స్టర్ అనే పాత చర్చి ప్లాన్ అది. 7వ శతాబ్దంలో కట్టారు, ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచాక పక్కనే ఇప్పుడున్న కథీడ్రల్ 1079లో మొదలుపెట్టారు, అది వాడుకలోకి రాగానే 1093లో పాతది పడగొట్టడం మొదలుపెట్టారు. 1960ల్లో తవ్వకాలు జరిగితే గానీ ఎక్కడ ఉండేదో సరిగ్గా తెలియలేదు. మన పుస్తకంలో పాటలు పాడింది ఈ ఇటుక గీతల మధ్యే. పిల్లలు అక్కడే బాల్ ఆడుకుంటున్నారు.

మేం బెంచీ మీద కూర్చున్నామో లేదో చినుకులు. ఈ ఊరి సెయింట్ స్వితిన్‌కి వర్షంతో పెద్ద లింకు, జూలై 15న వాన పడితే ఇంకో నలభై రోజులు పడుతుందని ఇంగ్లండ్ అంతా సామెత. అమ్మ వెంటనే, "మన కార్తెల లెక్కే" అంది. 971లో ఆయన అవశేషాలు బయటి సమాధి నుంచి చర్చి లోపలికి మార్చిన రోజు ఆ జూలై 15. దాని గురించి లాటిన్‌లో పెద్ద పద్యకావ్యం రాసినాయన వుల్ఫ్‌స్టన్, ఈ చర్చిలోనే పాటల పెద్ద, మన భాషలో క్వైర్ మాస్టర్ అనుకోండి. పుస్తకంలో ఉన్న రెండో గొంతులు కట్టింది కూడా ఈయనే అయ్యుంటాడని చాలామంది అనుకుంటారు. ఈయనే ఇక్కడి ఆర్గన్ గురించి కూడా రాశాడు, 400 గొట్టాలు, 26 తిత్తులు, వాటిని ఊదడానికి 70 మంది మగాళ్ళు చెమటలు కక్కుతూ పనిచేసేవాళ్ళట. కవి కదా, కొంచెం తగ్గించుకోవాలేమో.

పుస్తకం మాత్రం వించెస్టర్‌లో లేదు, కేంబ్రిడ్జ్‌లో కార్పస్ క్రిస్టీ కాలేజీలో ఉంది, నంబరు 473. ఆర్చ్‌బిషప్ మాథ్యూ పార్కర్ 16వ శతాబ్దంలో తన పుస్తకాలు ఆ కాలేజీకి ఇస్తూ ఒక కండిషన్ పెట్టాడు, లెక్క చూసినప్పుడు ఇన్నింటికి మించి పోయినట్టు తేలితే మొత్తం కలెక్షన్ పక్క కాలేజీకి వెళ్ళిపోవాలని. పెద్దాయన మనుషుల్ని బాగా చదివాడు. ఇప్పుడు పేజీలన్నీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా చూడొచ్చు కాబట్టి గొడుగు కింద ఫోన్ తీసి అమ్మకి చూపించా.

నేను ఊహించింది ఐదు గీతలు, వాటి మీద నల్ల చుక్కలు. ఏమీ లేదు. లాటిన్ మాటలు, వాటి పైన చిన్న చిన్న గీతలు, కొక్కేలు, వంకరలు, కోడి గీకినట్టు. గొంతు పైకి వెళ్ళాలో కిందికి రావాలో, ఒక అక్షరానికి ఎన్ని స్వరాలో ఆ గుర్తులు చెప్తాయి గానీ ఎంత పైకి, ఎక్కణ్ణుంచి అనేది చెప్పవు. గీతల మీద స్వరాలు రాసే పద్ధతి గ్విడో అనే ఇటలీ ఆయన పద్ధతి, అది కూడా ఇంచుమించు అదే కాలంలో అక్కడ మొదలవుతోంది, ఇక్కడిదాకా ఇంకా రాలేదు. పైగా పుస్తకం చేతిలో ఇమిడేంత చిన్నది, పది మంది చుట్టూ నిలబడి చూసి పాడేది కానే కాదు.

అసలు తిరకాసు ఇది కాదు. ఇలాంటి రెండో గొంతులు అందులో 174 ఉన్నాయి, ఆర్గనం అంటారు వాటిని. ఆ పేజీల్లో రెండో గొంతు ఒక్కటే ఉంటుంది, మొదటి గొంతు పక్కన రాసి ఉండదు, అది వేరే చోట వెతుక్కోవాలి. ఇది చదివినప్పుడు నాకు పిచ్చితనంలా అనిపించింది, పెళ్ళికొడుకు లేకుండా తోడి పెళ్ళికొడుకు ఫోటో ఒక్కటే తీసినట్టు. అమ్మకి చెప్తే నవ్వింది.

"ట్యూన్ ఎవడు మర్చిపోతాడ్రా, మర్చిపోయేది ఆల్టోనే. నా పాటల నోట్‌బుక్‌లో కూడా ఆల్టో ఒక్కటే రాసుకునేదాన్ని."

నిజమే కదా. మన కీర్తనల పుస్తకంలో కూడా పైన రాగం పేరు, తాళం పేరు, కింద సాహిత్యం, అంతే. ఆ కీర్తన తెలియనివాడికి ఆ పేజీ ఇస్తే వాడేం పాడగలడు? పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అమ్మకి వాళ్ళమ్మ నోట్లోంచి వచ్చాయి, పుస్తకం ఉన్నది మూడో చరణం మర్చిపోతే చూసుకోవడానికి.

అయితే వెయ్యేళ్ళ తర్వాత ఇప్పుడెలా పాడుతున్నారంటే, అప్పటి సంగీత గ్రంథాల్లో రూల్స్ ఉన్నాయి, రెండో గొంతు మామూలుగా ట్యూన్‌కి నాలుగు స్వరాలు కింద నడవాలి, అంటే పైన మధ్యమం పలికితే కింద షడ్జమం అన్నమాట, వినడానికి బాగోని చోట కదలకుండా ఒకే స్వరం మీద ఆగిపోవాలి, వాక్యం చివర ఇద్దరూ వచ్చి ఒకే స్వరంలో కలవాలి. ట్యూన్ వేరే పుస్తకాల్లోంచి తెచ్చి, ఈ కోడిగీతల్ని, ఆ రూల్స్‌ని కలిపి ఊహిస్తారు. ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుని ఒకటి విన్నాం. రెండు మగ గొంతులు, కింది గొంతు చాలాసేపు మన శ్రుతిపెట్టెలా ఒకే చోట నిలబడుతుంది, పైది దాని చుట్టూ తిరుగుతుంది, మధ్యలో రెండూ పక్క పక్క స్వరాలకి వచ్చి గరుకుగా రాసుకుంటాయి, వెంటనే కలిసిపోతాయి. అమ్మ కళ్ళు మూసుకుని విని, "మీ నాన్న మూలుగు అనేది దీన్నే" అంది.

అక్కడే బోర్డు మీద ప్లాన్ చూస్తుంటే ఇంకోటి తెలిసింది, ఈ ఓల్డ్ మిన్‌స్టర్‌ని ఆనుకునే న్యూ మిన్‌స్టర్ అని ఇంకో చర్చి ఉండేది, మధ్యలో సందు చాలా ఇరుకు. ఇక్కడ వీళ్ళు పాడుతుంటే అక్కడ వాళ్ళ పాట, గంటలు వినపడి ఇద్దరికీ చెడేదని 12వ శతాబ్దంలోనే రాశారు, చివరికి 1110లో ఆ చర్చి వాళ్ళు ఊరి బయటికి మారిపోయారు. ధనుర్మాసంలో గుడి మైకు, చర్చి మైకు గుర్తొచ్చాయి నాకు.

వించెస్టర్ పుస్తకం పూర్తిగా మిగలడం అదృష్టం. ఆ కాలం రెండు గొంతుల పాటలు ఇంకెక్కడివైనా దొరికేది ఎక్కువగా ముక్కలుగానే, ఏదో పుస్తకం చివర ఖాళీలో రాసుకున్నవో, రాసే పద్ధతి మారాక పనికిరావని చించి వేరే పుస్తకాలకి అట్టలోపలి కాగితంగా వాడినవో. అప్పటి పేజీలు తోలువి కాబట్టి ఎవరూ పారేసేవాళ్ళు కాదు. ఫ్రాన్స్‌లో షార్త్ర్ ఊరి లైబ్రరీలో 11వ శతాబ్దంవి కొన్ని ఉండేవి, 1944 మే నెలలో బాంబులు పడి లైబ్రరీ కాలిపోయింది, అంతకుముందు తీసిన ఫోటోలే గతి. దీనికి ఉల్టా కేసు బ్రిటిష్ లైబ్రరీలో జరిగింది. జోవన్నీ వరెల్లి అని కేంబ్రిడ్జ్ స్టూడెంట్ అక్కడ ఇంటర్న్‌గా పనిచేస్తూ ఒక బిషప్ జీవితచరిత్ర చివర ఉన్న చిన్న ముక్క చూసి, ఇవి రెండు గొంతులు కదా అని గుర్తుపట్టాడు. సెయింట్ బోనిఫేస్ మీద చిన్న ప్రార్థన, 900 ప్రాంతంలోది, వించెస్టర్ కంటే వందేళ్ళు ముందు. 2014లో బయటపెట్టారు. అన్నేళ్ళు ఆ పేజీ తిప్పినవాళ్ళందరికీ అవి ఏవో గీతలుగానే కనపడ్డాయి.

పులిహోర తిని లోపలికి వెళ్ళాం. చూడాల్సినవి చాలా ఉన్నాయి, జేన్ ఆస్టిన్ సమాధి, పాత రాజుల ఎముకలు పెట్టిన పెట్టెలు, నేను వాటి గురించి రాయను, గూగుల్‌లో దొరుకుతాయి. సాయంత్రం ఈవెన్‌సాంగ్‌కి, అంటే క్వైర్ పాడే సాయంత్రపు ప్రార్థనకి, ఉండిపోయాం, టికెట్ అక్కర్లేదు. క్వైర్ కూర్చునే పాత చెక్క వరసల్లోనే మనల్నీ కూర్చోబెడతారు, ఆ చెక్కపని 14వ శతాబ్దం మొదట్లోదట, మోకాళ్ళు పట్టవు. పిల్లలు తెల్ల అంగీల్లో వచ్చారు. మరియ పాట మొదలవగానే అమ్మ నా చెయ్యి గిల్లి, "నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది" అని చెవిలో చెప్పింది. ఆ తర్వాత అమ్మ పిల్లల్ని చూడటం మానేసి, వెనక వరసలో ఆల్టో పాడుతున్న మగాయన్ని చూస్తూ కూర్చుంది. మగవాళ్ళు ఆల్టో పాడటం తను ఎప్పుడూ చూడలేదట.

తిరుగు ట్రైన్‌లో మా బోగీ దాదాపు ఖాళీ. అమ్మ ఒక కీర్తన మెల్లగా మొదలుపెట్టి, "నువ్వు కింద ఈ స్వరం పట్టుకో, నేను ఎటు పోయినా కదలొద్దు" అంది. పట్టుకున్నా. రెండో లైన్‌కే తెలియకుండా అమ్మ ట్యూన్‌లోకి వెళ్ళిపోయా. "మళ్ళీ," అంది. మళ్ళీ వెళ్ళిపోయా. మూడోసారి బేసింగ్‌స్టోక్ వచ్చి జనం ఎక్కారు, బతికిపోయా.