నెలకి నాలుగు ఫ్లైట్లు, ప్రతిసారీ అదే భయం

పని మీద నెలకి నాలుగైదుసార్లు ఫ్లైట్ ఎక్కాలి నేను, పదేళ్లుగా ఇదే, అయినా భయం రవ్వంత కూడా తగ్గలేదు. అలవాటైపోతుందిలే అంటారు అందరూ, నాకైతే అవ్వలేదండీ.

అన్నిటికంటే ఘోరం ఏంటంటే టేకాఫ్ అయిన కాసేపటికి ఇంజన్ సౌండ్ ఒక్కసారిగా తగ్గి, కిందికి జారిపోతున్నట్టు కడుపులో ఖాళీ అయిపోతుంది చూడండి, ఆ క్షణం. చాలా ఏళ్లు ఇంజన్ ఆగిపోయిందనే అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, టేకాఫ్‌కి వాడినంత పవర్ ఆ తర్వాత అక్కర్లేదని పైలట్లు కావాలనే తగ్గిస్తారంట, విమానం అప్పుడు కూడా పైకే పోతుంటుంది, కాకపోతే ఎక్కే వేగం కొంచెం తగ్గేసరికి మన చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగం దాన్ని పడిపోవడం అనుకుంటుంది. ఇది తెలిశాక కూడా చేతులు వణుకుతాయి, కానీ "ఇప్పుడు సౌండ్ తగ్గుతుంది" అని ముందే నాకు నేను చెప్పుకుంటా, అది చాలా హెల్ప్ అయింది.

కుదుపుల కోసం రెక్కల దగ్గర సీటే తీసుకుంటా, వెనక కంటే అక్కడ ఊపు తక్కువ. రెక్క ఊగుతుంటే ఒకప్పుడు కళ్లు మూసుకునేదాన్ని, ఇప్పుడు చూస్తా, మామూలుగా ఎదురయ్యే గరిష్ఠ లోడ్‌కి 1.5 రెట్లు తట్టుకునేలా డిజైన్ చేస్తారు దాన్ని. బెల్ట్ మాత్రం దిగేదాకా తియ్యను. ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోవడం ఒక్కటే... దానికింకా ఏ దారీ దొరకలేదు.