సాయంత్రం దాకా నిలిచిన నిమ్మవాసన

మాది గూడూరు పక్కన పల్లె. నిమ్మకాయల బస్తాలు మార్కెట్‌కి వేసుకెళ్లిన రోజు నాన్న చొక్కా అంతా ఆ వాసనే. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే అది కాస్తా పోయేది. అందుకే నిమ్మ సెంట్లంటే నాకు గురి లేదు. పది నిమిషాల ముచ్చట!

కిందటి మే నెలలో ఫ్రాన్స్‌లోని నీస్‌కి, మా తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు ఇదే మాట అన్నాను. వాడు అల్మరాలోంచి 'ఓ సొవాజ్' సీసా తీసి నా మణికట్టు మీద ఒక్కసారి కొట్టాడు. "సాయంత్రం చెప్పన్నా" అన్నాడు. ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ డియోర్ వాళ్లు 1966లో తెచ్చిన సెంటు అది. దాన్ని కూర్చిన ఎడ్మన్ రుద్నిత్స్కా పుట్టింది నీస్‌లోనేనట. పనిచేసింది మాత్రం అత్తర్ల ఊరు గ్రాస్ పైన కొండ మీదుండే కాబ్రిస్‌లో. అయితే అక్కడికే పోదాం పదమన్నాను.

రైల్లో ఉన్నంతసేపూ నిమ్మ, బెర్గమోట్. ఈ బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు ఇటలీ దక్షిణాన కలబ్రియాలో కాస్తుంది. లావెండర్ పూలలో ఉండే లినలైల్ ఎసిటేట్ అనే వాసన పదార్థమే దీని తొక్కలోనూ ఉంటుంది. పులుపు వెనకాల పూలవాసన తగిలేది అందుకే. మన నిమ్మకి ఆ వెనక గది లేదు.

గ్రాస్ స్టేషన్ కింద, ఊరు పైన. ఆయాసం తప్పదు. ఒకప్పుడిది తోళ్లు ఊనే ఊరు. చేతి తొడుగుల తోలుకంపు పోగొట్టడానికి వాటికి అత్తరు పట్టించడంతో మొదలై, చివరికి అత్తర్లే మిగిలాయి. ఇక్కడి సుగంధ విద్యని 2018లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక ఫ్యాక్టరీ కూడా చూశాం. అన్ని దారులూ తిరిగి తిరిగి దుకాణంలోకే తేలతాయి, జేబు జాగ్రత్త.

మధ్యాహ్నానికి మణికట్టు మీద రోజ్‌మేరీ, తులసిని తలపించే బేసిల్ పైకొచ్చాయి. విచిత్రం, నిమ్మ ఇంకా పోలేదు. నిమ్మనూనె తేలిక, గాలి తగిలితే ఎగిరిపోతుంది. దాన్ని రుద్నిత్స్కా ఒంటరిగా వదల్లేదు. హెడియోన్ అనే పదార్థాన్ని జత చేశాడు. జాజిపూల వాసన మీద జరిగిన పరిశోధనలో పుట్టిన పదార్థం అది. విడిగా చూస్తే వాసన ఉందా లేదా అన్నట్టుంటుంది. కలిపితే మాత్రం కిటికీ తెరిచినట్టు లోపలంతా గాలి ఆడుతుంది. దానికి పేరొచ్చింది ఈ సెంటుతోనే.

కాబ్రిస్ బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. తర్వాతి దాని కోసం గంట పడిగాపులు.

పైన శిథిలమైన కోట, దాని ముందు అరుగు, కింద దూరంగా సముద్రం. 1956లో వచ్చిన డియోరిసిమో అనే సెంటు కోసం రుద్నిత్స్కా ఈ కొండ మీద తోటలో లిలీ ఆఫ్ ద వ్యాలీ మొక్కలు నాటి వాసన గమనించేవాడట. పువ్వు దగ్గర కూర్చోవడం కూడా ఉద్యోగమే! కాస్త అసూయ కలిగింది.

"ఇప్పుడు చెప్పన్నా" అన్నాడు తమ్ముడు.

చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఓక్ చెట్ల పాచి, దాని కింద తడి వేరు. వెటివర్. తమిళ మాటే ఫ్రెంచిలోకి అలా వచ్చింది. మనకైతే వట్టివేరు. తడిక మీద నీళ్లు చల్లిన మే నెల మధ్యాహ్నం.

వాడు నా చెయ్యి లాక్కుని వాసన చూశాడు. "అమ్మమ్మ వాళ్ల వసారా" అన్నాడు.

ఆ పైన సన్నగా, ఇంకా నిమ్మ. ఈ బస్సూ తప్పిపోతుందేమోనని లేచాం.