పత్తి ధర ఆగిపోయిన చోట

మాంచెస్టర్ పేరు నేను మొదట విన్నది మా తాత నోట. మంగళగిరిలో మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. ఆయన నేస్తుంటే నేను పక్కన కూర్చుని కండెలు చుట్టి ఇచ్చేవాణ్ణి. చీరకు బేరం సరిగా కుదరని రోజు మాత్రం, "ఆ మాంచెస్టర్ గుడ్డ దిగిన నాడే మన పని అయిపోయిందిరా" అని నిట్టూర్చేవాడు. ఆ ఊరు ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. యాభై ఏళ్ల తర్వాత మా అమ్మాయికి అక్కడే ఉద్యోగం వచ్చింది. మూడు వారాలు ఉండేలా నేనూ వెళ్లాను.

"నాన్నా, ఫుట్‌బాల్ స్టేడియం చూద్దామా?" అంది అమ్మాయి. ముందు పత్తి బజారు చూపించమన్నాను.

రాయల్ ఎక్స్ఛేంజ్ ఊరి నడిబొడ్డున ఉంది. లోపలికి అడుగు పెడితే తల పైకెత్తకుండా ఉండలేం. అంత ఎత్తున గుమ్మటాలు, వాటిని మోసే లావుపాటి స్తంభాలు. ఒకప్పుడు చుట్టుపక్కల లాంకషైర్ ప్రాంతపు మిల్లుల వాళ్లు, దళారులు వేలమంది ఈ నేల మీద నిలబడి నూలు, గుడ్డ బేరాలు చేసేవారు. గొప్ప సంపద కన్నా మంచి పేరు మేలన్న అర్థం వచ్చే వాక్యం గుమ్మటం లోపల చుట్టూ రాసి ఉంది. 1968 చివరలో వ్యాపారం మూతపడింది. ఆ ఆఖరి రోజు ధరలు గోడ మీద పై ఎత్తున బోర్డులో ఇంకా అలాగే ఉన్నాయి. నేను మెడ నొప్పి పుట్టేదాకా ఆ అంకెల్నే చూస్తూ నిలబడ్డాను. మా తాత కూలిని, పక్కింటివాళ్ల అప్పును, మా ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్నదాన్ని కూడా ఇలాంటి అంకెలే ఒకనాడు తేల్చాయి. అంత దూరం నుంచి.

ఇప్పుడు ఆ హాలు మధ్యలో ఉక్కు, అద్దాలతో కట్టిన ఏడు పలకల నాటకశాల ఉంది. 1976లో తెరిచారు. పాత నేల అంత బరువు మోయలేదని తేలడంతో, గుమ్మటాన్ని మోసే నాలుగు పెద్ద స్తంభాల నుంచే దాన్ని వేలాడదీశారట. పాత కట్టడానికి దెబ్బ తగలకుండా కొత్తదాన్ని దాని భుజాల మీదే నిలబెట్టారన్నమాట. లోపల మన వీధి భాగోతంలాగే చుట్టూ జనం, మధ్యలో ఆట. ఏడు వందల మందికి పైగా కూర్చున్నా నటుడి ఊపిరి వినిపించేంత దగ్గర. 1996 జూన్ 15న దగ్గర్లో ఐరిష్ సాయుధ దళం ఐఆర్ఏ పెట్టిన పెద్ద బాంబు పేలి ఈ భవనమూ దెబ్బతింది. బాగుచేసుకుని 1998లో మళ్లీ తెరిచారు. ఆ రోజు చుట్టుపక్కలంతా ధ్వంసమైనా చెక్కుచెదరని ఎర్ర పోస్టు డబ్బా ఒకటి కార్పొరేషన్ వీధిలో ఇప్పటికీ ఉంది.

అక్కణ్ణుంచి డీన్స్‌గేట్ మీద నడిస్తే జాన్ రైలాండ్స్ లైబ్రరీ వస్తుంది. పత్తి వ్యాపారంలో కోటీశ్వరుడైన భర్త జ్ఞాపకంగా ఆయన భార్య ఎన్రికెటా కట్టించింది. 1900 జనవరి 1న పాఠకులకు తెరిచారు. చూస్తే పెద్ద చర్చిలా ఉంటుంది. వీధి రొద, పొగ తగలకూడదని చదువుకునే హాలును నేలకు చాలా ఎత్తున పెట్టారు. యోహాను సువార్తలోంచి మిగిలిన చిన్న పపైరస్ (పాతకాలపు రెల్లు కాగితం) ముక్క ఇక్కడే భద్రంగా ఉంది, అరచేతిలో ఇమిడిపోయేంతది. ఆ హాల్లో కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. మన నూలు మార్కెట్ల పక్కన ఎవరైనా ఇలాంటిది ఒక్కటి కట్టించి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఈ ఊళ్లో నాకు బాగా నచ్చింది ఇదే, పాతవాటిని పారేయరు. 1880 నాటి సెంట్రల్ రైల్వే స్టేషన్ 1969లో మూతపడితే, 64 మీటర్ల వెడల్పున్న దాని విల్లు లాంటి కప్పును కాపాడుకుని కిందంతా ఎగ్జిబిషన్ హాలు చేశారు. కాసిల్‌ఫీల్డ్‌లో రైళ్లు మానేసిన ఇనుప వంతెన మీద 2022లో తోట పెంచారు. టౌన్ హాలు మాత్రం లోపలికెళ్లి చూడలేకపోయాను. 2018లో మరమ్మతులకు మూసినది, నేను వెళ్లినప్పటికి తెరవలేదు. డీన్స్‌గేట్ చివర అద్దాల టవర్లు లేచాయి, ఒకటి 200 మీటర్లు దాటింది. ఫొటోకి బాగుంటాయి, అంతే.

ఎగ్జిబిషన్ హాలు పక్కనే గుండ్రటి రాతి మెట్ల దిబ్బ ఒకటుంది. జనం దాని మీద కూర్చుని సాండ్‌విచ్‌లు తింటున్నారు. వంగి చూస్తే రాయి అంచుల మీద పేర్లు, ఊళ్లు చెక్కి ఉన్నాయి. 1819 ఆగస్టు 16న ఓటుహక్కు కావాలని సుమారు అరవై వేల మంది ఇక్కడి మైదానానికి వచ్చారు. వాళ్ల మీదికి గుర్రపు దళాన్ని కత్తులతో తోలారు. చనిపోయినవాళ్లలో తల్లి చేతుల్లోని రెండేళ్ల పసివాడూ ఉన్నాడు. పీటర్‌లూ అంటారు దాన్ని. ఆ గుంపులో చాలామంది ఎవరో తెలుసా? చేనేత వాళ్లు. మరమగ్గాలు వచ్చి, కూలి పడిపోయి, కడుపు మాడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచి వచ్చినవాళ్లు.

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మాంచెస్టర్ మమ్మల్ని ముంచిందనే ఇన్నాళ్లూ విన్నాను. ఆ మర ముందు ముంచింది తన ఊరి నేతగాణ్ణేనని మా తాతకు ఎవరూ చెప్పలేదు.

మంగళగిరిలో అన్నయ్యకు వీడియో కాల్ చేశాను. ఆయన ఇంకా నేస్తూనే ఉన్నాడు. అక్కడ చీకటి పడింది, మగ్గం మీద బల్బు వెలుగుతోంది. ఫోన్ తిప్పి ఆ పేర్లు చూపించి సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"వాళ్లదీ గుంట మగ్గమేనట్రా?" అని అడిగాడు.

"కాదన్నయ్యా, చెక్క చట్రం మగ్గం. నేల మీదే నిలబెడతారు."

"అయితే కాళ్లు మనలాగే ఆడించాలిగా" అన్నాడు, నాడె చేతిలోకి తీసుకుంటూ.