మా ప్లాట్‌ఫామ్‌లోకి రస్ట్ వచ్చేసింది

ఆఫీసులో మేం నడిపే డిప్లాయ్‌మెంట్ ప్లాట్‌ఫామ్‌లో (డెవలపర్లు రాసిన కోడ్‌ని సర్వర్ల మీద నడిపే వ్యవస్థ) ఈ వారం నుంచి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన యాప్‌లు కూడా నడుస్తున్నాయి. పైథాన్, నోడ్, జావా ముందే ఉన్నాయి. "ఇంకో భాషేగా, ఎంతసేపు?" అన్న మేనేజర్‌గారికి ఈ పోస్ట్ అంకితం.

ఇలాంటి ప్లాట్‌ఫామే అయిన హెరోకు 2007లో రూబీ భాషతోనే మొదలైంది. 2011లో సెడార్ అనే దాని కొత్త వెర్షన్ వచ్చాక బిల్డ్‌ప్యాక్ (ఒక్కో భాష కోడ్‌ని నడిపేందుకు సిద్ధం చేసే స్క్రిప్టుల కట్ట) పద్ధతితో మిగతా భాషలకు తలుపులు తెరిచింది. మాదీ అదే పద్ధతి: డిటెక్ట్, కంపైల్, రిలీజ్ అని మూడు స్క్రిప్టులు. యాప్ ఏ భాషదో గుర్తుపట్టే డిటెక్ట్ తేలిక. రస్ట్ ప్రాజెక్టు వివరాలుండే కార్గో.టామ్ల్ (Cargo.toml) ఫైలు కనిపిస్తే 0తో, అంటే 'దొరికింది' అన్న సంకేతంతో, బయటికి రావాలి, అంతే.

అసలు కథంతా కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైల్‌లోనే. రస్ట్ కంపైలర్ నిదానం. ప్రతిసారీ డిపెండెన్సీలన్నీ (యాప్ వాడుకునే లైబ్రరీలు) మొదటి నుంచీ బిల్డ్ చేస్తే డెవలపర్లు భోంచేసి రావచ్చు. అందుకని బిల్డ్ అయిన ఫైళ్లుండే టార్గెట్ ఫోల్డర్‌ని తర్వాతి బిల్డ్ కోసం క్యాష్‌లో దాచాలి. అదేమో గిగాబైట్లకు పెరుగుతుంది. కంపైలర్ వెర్షన్ మారిందా, ఆ దాచిందంతా చెత్తే. ఆ చెత్త ఎప్పుడు ఊడ్చాలన్న దానిమీదే మా టీమ్‌లో ఎక్కువ గొడవలు! చివరికి క్యాష్ పేరులోనే వెర్షన్ కలిపేశాం. సర్వర్‌కి మాత్రం తయారైన బైనరీ (నేరుగా నడిచే ఫైలు) ఒక్కటే వెళ్తుంది.

బిల్డ్ అయినా టెన్షన్ తీరలేదు. ట్యుటోరియల్స్ చూసి రాసిన యాప్‌లు 127.0.0.1 మీద, అంటే తమ లోపలి నుంచి వచ్చే రిక్వెస్టులనే, వింటాయి. కంటైనర్ (యాప్ నడిచే విడి పెట్టె లాంటిది) బయటి నుంచి వచ్చే రిక్వెస్టులు వాటికి చేరవు. 0.0.0.0 మీద (అంటే అన్ని అడ్రసుల మీదా), ప్లాట్‌ఫామ్ ఇచ్చిన పోర్ట్‌లో వినాలి. కోడ్ కంటే ఈ విషయం వివరించిన డాక్యుమెంట్ పేజీయే ఎక్కువ మందికి పనికొస్తుందని నా నమ్మకం.

నిన్న ఒకరు ఇంకో ప్రోగ్రామింగ్ భాష పేరెత్తి "జిగ్ ఎప్పుడు?" అన్నారు. ముందు రస్ట్ ఎర్రర్ మెసేజ్‌లు బాగుచేయనివ్వండి బాబూ.