కాటన్ బట్ట ముందు తడపండి, తర్వాతే కత్తెర

మొన్న సంక్రాంతికి మా నాన్నకి ఒక లాల్చీ కుట్టించా. మంగళగిరి కాటన్, లేత గంధం రంగు, శిల్పారామంలో స్టాళ్ళన్నీ తిరిగి తిరిగి ఏరుకొచ్చా. పండగరోజు వేసుకుంటే ఎంత బాగా కుదిరిందో, అద్దం ముందు రెండుసార్లు నిలబడి చూసుకున్నారు, మా నాన్న అలా చూసుకునే మనిషి కాదు అసలు. తర్వాత ఆదివారం నేనే మెషిన్‌లో వేశాను, కాటన్ బట్టే కదా అని కాటన్ అన్న ప్రోగ్రామే పెట్టా. ఆరి ఇస్త్రీ అయ్యాక చూస్తే చేతులు మణికట్టుకి రెండు వేళ్ళు పైకి వెళ్ళిపోయాయి, మెడ దగ్గర గుండీ పెడితే పట్టేస్తోంది. నాన్న ఏమీ అనలేదు, "ఇంట్లో వేసుకుంటాలేమ్మా" అన్నారు అంతే. ఆ మాటకే నాకు చాలా బాధేసింది.

మా గల్లీలో టైలర్ భాయ్ దగ్గరికి పట్టుకెళ్తే చేతిలోకి తీసుకుని అంచు ఒకసారి వేళ్ళతో నలిపి, "బట్ట తడిపి ఇచ్చిన్రా మేడం?" అని అడిగాడు. లేదన్నా. "మరి అదే. కాటన్ తడపకుండ కోస్తే మొదటి ఉతుకుల్నే దగ్గరికొస్తది" అన్నాడు. మా అమ్మ బ్లౌజు లైనింగులూ చీర ఫాల్సూ ముందురోజు రాత్రే బకెట్లో నానేయడం చిన్నప్పట్నించీ చూస్తూనే ఉన్నా, కానీ అది లాల్చీ బట్టకి కూడా అని నాకు తట్టనేలేదు.

అప్పట్నుంచి దీని గురించి కాస్త చదివాను, అసలు ఏం జరుగుతుందో అర్థమయ్యాక చాలా తేలికైంది. మగ్గం మీద పడుగు దారాలు, అంటే బట్ట పొడవునా ఉండే దారాలు, బాగా బిగించి లాగి ఉంటాయి, నేసినంతసేపూ ఆ లాగుడులోనే ఉంటాయి, పైన గంజి కూడా ఉంటుంది కాబట్టి బట్ట అలా సాగినట్టే నిలబడిపోతుంది. నీళ్ళు తగలగానే ఆ బిగువు వదులుతుంది. దానికితోడు నూలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, అడ్డంగా వచ్చే పేక దారం లావెక్కితే దాని మీంచీ కిందనుంచీ చుట్టుకుని వచ్చే పడుగు దారానికి ఎక్కువ పొడుగు ఖర్చవుతుంది కదా, అంత మేర బట్ట పొట్టి అవుతుంది. అందుకే వెడల్పు కంటే పొడవే ఎక్కువ తగ్గుతుంది. వేడినీళ్ళు, డ్రమ్ములో గిరగిరా తిప్పడం, ఇవి రెండూ దాన్ని ఇంకా తొందరపెడతాయి. బోరు నీళ్ళ వల్ల అని చాలామంది అంటారు, బోరు నీళ్ళకి బట్ట గరుకెక్కుతుంది, రంగు డల్ అవుతుంది, పొట్టి అవ్వడానికి కారణం అది కాదు.

రెండోసారి అదే బట్ట ఇంకో మూడు మీటర్లు తెచ్చి ఈసారి టేపుతో కొలిచా. రాత్రంతా మామూలు నీళ్ళలో నానేశా, పొద్దునకి నీళ్ళు గంజికి జిగటగా తెల్లగా అయ్యాయి, పిండకుండా తీగమీద వేసి ఆరాక కొలిస్తే 2 మీటర్ల 88 సెంటీమీటర్లు. అంటే 12 సెంటీమీటర్లు పోయింది! 42 అంగుళాల లాల్చీ మీద లెక్కేస్తే అంగుళంన్నర పైనే. ఒక్కసారి తడిపితే మొత్తం పోదు, రెండో ఉతుకులో ఇంకొంచెం తగ్గుతుంది, అందుకని నేను రెండుసార్లు తడిపి ఆరేసి ఇచ్చా, కింద మడత కూడా కాస్త ఎక్కువ వదలమన్నా. మీరు తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో ఉతికేటట్టయితే తడిపేటప్పుడు కూడా అలాంటి నీళ్ళే వాడండి, లేకపోతే మిగిలింది అప్పుడు తగ్గుతుంది. ముదురు రంగులు మాత్రం వేరే బకెట్లో.

ఫాల్ తడపకుండా కుడితే చీర అంచు ముడతలు పడుతుంది చూడండి, అది ఇదే. చీర అలాగే ఉంటుంది, ఫాల్ ఒక్కటీ పొట్టిదై అంచుని లాగేస్తుంది.

ఇక రెడీమేడ్. లేబుల్ మీద ప్రీ-ష్రంక్ అనో శాన్‌ఫరైజ్డ్ అనో ఉంటే కొంత నిశ్చింత. శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికన్ 1930 ప్రాంతంలో కనిపెట్టిన పద్ధతి అది, బట్టని ఆవిరితో తడిపి రబ్బరు బెల్టు మీద నొక్కి ముందే దగ్గరికి తెచ్చేస్తారు. చేనేతకి అలాంటిది చెయ్యరు కాబట్టి ఆ పని మన బకెట్టే చెయ్యాలి. టీషర్టులది ఇంకో కథ, అది నేత కాదు అల్లిక, ఉచ్చులన్నీ పొడుగ్గా సాగి ఉంటాయి, ఉతికితే గుండ్రంగా సర్దుకుంటాయి, అందుకే పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది.

మెషిన్‌లో ఆ కాటన్ అనే పేరు చూసి మోసపోకండి ప్లీజ్, మా దాంట్లో అది నొక్కితే 60 డిగ్రీలు చూపిస్తుంది, దుప్పట్లకి తువ్వాళ్ళకి పెట్టుకునేది అది. కుర్తాలకి చల్లనీళ్ళు, డెలికేట్, తక్కువ స్పిన్. డ్రయ్యర్ జోలికి అసలు వెళ్ళొద్దు, కాటన్‌కి దాన్ని మించిన శత్రువు లేదు, మన హైదరాబాద్ ఎండకి దాని అవసరమూ లేదు. వానాకాలంలో మాత్రం నేను హాల్లో ఫ్యాన్ కింద ఆరేస్తా. తీగమీద వేసే ముందు బట్టని రెండు చేతులా పట్టుకుని ఒకసారి దులిపి, కుట్లవెంట నెమ్మదిగా పొడవుకి లాగండి, ఈ ఒక్క పనికే చాలా తేడా కనిపిస్తుంది.

పొట్టిదైపోయిన ఆ మొదటి లాల్చీని కూడా వదల్లేదు. గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం కండిషనర్ కలిపి అరగంట నానబెట్టి, తువ్వాల్లో చుట్టి నొక్కి, చెమ్మ ఉండగానే చేతుల్ని లాగిపట్టి ఇస్త్రీ చేశా, ముప్పావంగుళం తిరిగొచ్చింది. మెడ మాత్రం రాలేదు, భాయ్ గుండీ జరిపి ఇచ్చాడు. కొత్తది ఇప్పటికి నాలుగు ఉతుకులు అయింది, నిన్న మళ్ళీ టేపు పెట్టా, 42 అంగుళాలే ఉంది.