కొత్తగా వచ్చినోళ్లకు మొదట మనిషి కనబడాలి

ఆన్‌లైన్ ఆర్‌పీజీల్లో, అంటే ఎంతోమంది తలా ఒక పాత్రతో ఒకే లోకంలో ఆడే గేముల్లో, మొదటి అరగంట గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. మాది చిన్న టీమ్. మ్యాపులు గీసేది, క్వెస్టులు (ప్లేయర్‌కు అప్పజెప్పే పనులు) రాసేది నేను. మిగతావాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, నేను మహబూబ్‌నగర్‌లో ఇంటి నుంచే పని చేస్తాను. కొన్ని నెలలుగా మా పనంతా స్టార్టింగ్ ఏరియా మీదే, అంటే కొత్త ప్లేయర్ మొదట అడుగుపెట్టే చోటు మీదే. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. కొత్త ప్లేయర్‌కు బటన్లు నేర్పడం రెండో పని. ఈ లోకంలో తనతో పాటు నిజమైన మనుషులు తిరుగుతున్నారని, వాళ్లతో తనకు పని పడుతుందని తెలిసేలా చేయడం మొదటి పని.

బటన్ల సంగతి ముందు చెప్పేస్తా. మా అక్క కొడుకు జడ్చర్లలో ఇంటర్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఫోన్ చేతికిచ్చి ఆడమన్నాను. పోల్చి చూడటానికని మా గేమ్‌వి రెండు బిల్డ్‌లు, అంటే రెండు రకాల తయారీలు పెట్టుకున్నాం. ఒకదాంట్లో అడుగడుగునా బాణం గుర్తులు, పాపప్‌లు. వాడు ఒక్కటీ చదవలేదు, టకటకా కొట్టి మూసేశాడు. "గివన్నీ ఎవరు చదువుతరు చిన్నమ్మా, గేమ్ ఎప్పుడు షురువైతది?" అన్నాడు. రెండో బిల్డ్‌లో పాపప్‌లు లేవు. చెరువు కట్ట మీద మా టీమ్ అబ్బాయి హైదరాబాద్ నుంచి లాగిన్ అయి గంతులేస్తున్నాడు. "అగో, ఆడున్నది నిజం మనిషేనా?" అని మావాడు లేచి కూర్చున్నాడు. గంతు ఎలా వేయాలో తనే వెతుక్కుని ఆ అబ్బాయి వెంటపడ్డాడు. ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఈ రంగంలో అందరూ మొదట చెప్పేది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గురించే. 2004 నవంబర్‌లో వచ్చింది. మనుషుల జాతిని ఎంచుకుంటే నార్త్‌షైర్ అనే చిన్న లోయలో మొదలవుతాం. చుట్టూ కొండలు, మధ్యలో ఒక మఠం, బయటికి ఒకటే దారి. తప్పిపోదామన్నా కుదరదు. మొదటి పనులు తోడేళ్లను, కోబోల్డ్‌లనే ఎలుక మొహం జీవులను కొట్టడం. అదేమంత గొప్ప క్వెస్ట్ కాదు. దాని తర్వాత వచ్చేది నాకు ఇష్టం. లోయ దాటి రోడ్డు పట్టుకుని నడిస్తే గోల్డ్‌షైర్ అనే ఊరొస్తుంది. అక్కడి సత్రం ముందు పెద్ద లెవెల్ ప్లేయర్లు డ్యుయెల్స్ (ఒకరితో ఒకరు సరదా పోరు) ఆడుకుంటూ ఉంటారు. మన ఒంటి మీద చినిగిన చొక్కా, వాళ్ల ఒంటి మీద మెరిసే కవచం. ముందు ముందు మనం ఏమవుతామో ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది. ఇంకొంచెం ముందుకు పోతే అడవిలో హాగర్ అనే బలమైన శత్రువు ఉంటాడు. ఆ లెవెల్లో ఒంటరిగా వెళ్తే చితకబాదుతాడు. అందుకే అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లు జట్టు కట్టేవాళ్లు. జట్టు కట్టండని ఏ ట్యుటోరియల్ చెప్పలేదు, హాగర్ చెప్పాడు.

2019 ఆగస్టులో ఆ గేమ్ పాత రూపాన్ని క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిచినప్పుడు స్టార్టింగ్ ఏరియాలు జనంతో కిక్కిరిసిపోయాయి. ఒక్క శత్రువు కోసం పదుల మంది కాచుకుని ఉండాల్సి వచ్చింది. చాలా చోట్ల ప్లేయర్లు తమంతట తామే లైన్ కట్టి నిలబడ్డారు. ఆ వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. డిజైనర్ రాయని నియమాన్ని జనమే రాసుకున్నారు. ఒకరికొకరు కనబడితేనే అలాంటిది పుడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ 2005లో వచ్చిన గిల్డ్ వార్స్‌లోది. కథలో ఒక పెద్ద విధ్వంసం జరుగుతుంది. దానికి ముందున్న అస్కలాన్ అనే రాజ్యంలో కొత్త ప్లేయర్ మొదలవుతాడు. పచ్చటి పొలాలు, చల్లటి ఎండ. ఒకసారి దాటి వెళ్తే ఆ పాత్రతో మళ్లీ రాలేం. అందుకే కొందరు ముందుకు పోకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. అక్కడే 20వ లెవెల్ చేరినవాళ్లకు తర్వాత ప్రత్యేక బిరుదు కూడా పెట్టారు. ఇక ఆ ప్రాంతంలో ఉన్న పెద్ద గోడకు ఉత్తరం వైపు పోవడానికి ఒక గేటు ఉంది. ఒకరు మీట లాగితేనే ఇంకొకరు అవతలికి పోగలరు. ఒంటరిగా ఎంత బలం ఉన్నా ఆ గేటు తెరుచుకోదు. ఇంత సాదా ఉపాయంతో కొత్తవాణ్ని పక్కవాడితో మాట్లాడించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాతి కాలంలో దారి మారింది. 2008లో వార్‌క్రాఫ్ట్ డెత్ నైట్ అనే కొత్త రకం పాత్రకు పెట్టిన ప్రారంభం కథ చెప్పడంలో అద్భుతం. మనం చేసిన పనిని బట్టి చుట్టూ ఊరే మారిపోతుంది. దీన్ని ఫేజింగ్ అంటారు. కానీ నువ్వొక దశలో, నీ స్నేహితుడు ఇంకో దశలో ఉంటే పక్కపక్కనే నిలబడ్డా ఒకరికొకరు కనబడరు. 2020లో కొత్తవాళ్ల కోసం ఎక్సైల్స్ రీచ్ అనే దీవి తెచ్చారు. ఒకటి నుంచి పదో లెవెల్ దాకా అక్కడే. చాలా శుభ్రంగా చేశారు, గేమ్ ఎలా ఆడాలో నిజంగానే బాగా నేర్పుతుంది, ఆ పనితనానికి నేను దండం పెడతాను. అయినా ఆ దీవిలో గోల్డ్‌షైర్ సత్రం లేదు. పాతవాళ్లకు అక్కడ పని లేదు. గేమ్‌లో కొత్తవాడికి అన్నిటికంటే ఎక్కువ తోడు కావాల్సిన సమయంలో మిగతా ఊరికి దూరంగా పెట్టేశారు.

మా పాలమూరు నుంచి పనికోసం ముంబై బస్సెక్కినవాళ్లు అక్కడ దిగగానే వెతికేది సిటీ మ్యాపు కాదు, మనోళ్లు ఎక్కడున్నారని. పనెక్కడ దొరుకుతుందో, ఎవరిని నమ్మాలో ముందే వెళ్లినవాళ్లు చెబుతారు. స్టార్టింగ్ ఏరియాలో నేను కట్టాలనుకునేది అదే.

మా గేమ్‌లో మొదటి ఊరు కృష్ణకు ఇవతల, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది. ఎర్రమట్టి, బండరాళ్లు, ఒక చెరువు, కట్ట మీద పోచమ్మ గుడి. ఊరి పక్కన కోటగోడ ఉన్న గుట్ట ఒకటి పెట్టాను. ఎక్కడ నిలబడినా అది కనబడాలని పట్టుబట్టాను. నల్లగొండలో డిగ్రీ చదివిన రోజుల్లో లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట చూసుకునే నాకు దిక్కులు తెలిసేవి. గుట్ట కనబడుతుంటే తెర మూలనుండే మినీమ్యాప్ వైపు చూసే పని సగం తగ్గుతుంది, కళ్లు లోకం మీద ఉంటాయి, అప్పుడే పక్కన నడిచే మనిషి కూడా కనబడతాడు.

ఊరు దాటే ముందు చేయాల్సిన పని ఒకటే: ఎండిపోతున్న మడికి గూడ వేసి నీళ్లు పెట్టాలి. ఈ తరం పిల్లలు గూడ చూసి ఉండరు. బుట్టకు రెండు వైపులా తాళ్లు కడతారు. ఎదురెదురుగా ఇద్దరు నిలబడి, కాలువలో ముంచి, ఊపుతో పైనున్న మడిలోకి విసురుతారు. ఇద్దరి ఊపు కలవకపోతే నీళ్లన్నీ మళ్లీ కాలువలోనే పడతాయి. మా తాత, పెదనాన్న కలిసి తెల్లవారుజామున గూడ వేసేవాళ్లని అమ్మ చెబుతుంది. గేమ్‌లో ఇద్దరు ప్లేయర్లు లయ పట్టుకుని ఒకే బటన్ నొక్కాలి. టైపింగ్ అక్కర్లేదు, మైక్ అక్కర్లేదు. ఫోన్‌లో ఆడేవాళ్లకు తెలియనివాళ్లతో మాట్లాడాలంటే టెన్షన్. అందుకే "ముంచు", "విసురు" అని అరిచే రెండు సైగలు మాత్రం ఇచ్చాం. మేం జనంతో ఆడించి చూసిన ప్లేటెస్టుల్లో మడి నిండాక చాలామంది ఆ ఎదుటి మనిషి వెంటే నడిచి వెళ్లారు. మేం అలా చేయమని ఎక్కడా రాయలేదు.

రాత్రి రెండింటికి లాగిన్ అయినవాడికి జోడీ ఎక్కడ దొరుకుతుంది? చిన్న గేమ్‌కు ఇదే పెద్ద సమస్య. ఊరిని ఎన్నో కాపీలుగా విడగొట్టకుండా, ఉన్న కొద్దిమందీ ఒకే చోట ఉండేలా సర్వర్ అమర్చాం. అప్పటికీ ఎవరూ లేకపోతే ఊళ్లో ముసలవ్వ ఒకామె వచ్చి అవతలి తాడు పట్టుకుంటుంది. ఆమెతో పని జరుగుతుంది, కానీ నెమ్మదిగా. కొత్తవాడు ఆగిపోకూడదు. అదే సమయంలో మనిషి తోడుంటే ఇంకా బాగుండేదని అనిపించాలి.

పాతవాళ్లు మొదటి ఊరికి ఎందుకు రావాలి? ఉత్త మంచితనం మీద ఆధారపడకూడదని నా పట్టుదల. అందుకే ఆ గుట్ట మీద సీతాఫలం చెట్లు పెట్టాను. మా జిల్లా బాలానగర్ పేరుతోనే ఒక రకం ఉంది కాబట్టి ఈ చెట్టు ఇక్కడే ఉండటం నాకు సహజం అనిపించింది. పెద్ద లెవెల్ వైద్యులకు గాయాల మందు కోసం దాని ఆకు కావాలి, అది ఇంకెక్కడా దొరకదు. పైగా గుట్ట మీది కుంట నుంచి ఆ చెట్లకు నీళ్లు పెట్టాలన్నా గూడ వేయాల్సిందే. కొత్తవాడి సాయం పాతవాడికి నిజంగా అవసరం. ఇద్దరికీ పంపకం సమానం.

దీనికి చెడు వైపు కూడా ఉంది. పాతవాళ్లలో ఏడిపించేవాళ్లు ఉంటారు కాబట్టి ఊళ్లో కొట్లాట పూర్తిగా బంద్ చేశాం. అంతకంటే కష్టమైనది దానం. ఎవరో దయతో కొత్తవాడి సంచి నిండా బంగారం పోస్తే వాడికి ఊళ్లో చేయడానికి పనేమీ మిగలదు. అలా ఆట మానేసినవాళ్లను వేరే గేముల్లో చూశాను. మా దాంట్లో తిండి, పనిముట్లు ఎంతైనా ఇవ్వొచ్చు. డబ్బు మాత్రం పదో లెవెల్ దాకా కుదరదు.

గూడ తప్పనిసరి ఎందుకు, వద్దనుకున్నవాళ్లు దాటేసేలా పెట్టొచ్చు కదా అని మా ప్రోగ్రామర్ ఇప్పటికీ వాదిస్తాడు. రెండో పాత్ర మొదలుపెట్టినవాళ్ల విషయంలో అతని మాట ఒప్పుకున్నాను, వాళ్లకు ఆ దారి తెరిచాం. మొదటిసారి వచ్చినవాళ్ల విషయంలో మాత్రం నేను కదలను. వచ్చే నెల పాలమూరు, నల్లగొండ కాలేజీ పిల్లలతో పెద్ద టెస్ట్ పెడుతున్నాం. ఎప్పుడూ ఇలాంటి గేమ్ ముట్టుకోనివాళ్లే కావాలి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే పంపండి, ఫోన్‌లు మేమే ఇస్తాం.