బాత్రూం గోడ మీది క్రేన్ ఫ్లై

పన్నెండు దాటింది. ఒక్క వాక్యం గొంతులో ముల్లులా ఉండిపోయింది, రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

పొద్దున గీజర్ పైపు పక్కన క్రేన్ ఫ్లై ఒకటి వాలి ఉంది, పెద్ద దోమలా కనిపించే పొడుగు కాళ్ల పురుగు. ఒళ్లు అంగుళం కూడా లేదు, కాళ్లు చాపితే మాత్రం నా అరచేయంత. అత్తయ్య అప్పటికే చీపురు ఎత్తేశారు, "ఇంత దోమేంటమ్మా, డెంగీ వస్తుంది" అని. దోమ కాదత్తయ్యా, కుట్టదు, రక్తం తాగదు అని అడ్డం నిలబడి 23 ఫోటోలు తీశాను. ఒకదాంట్లో రెక్క వెనకాల గుండుసూది లాంటి చిన్న కాడ, దాని కొసన బొడిపె, స్పష్టంగా పడింది. ఈగలకీ దోమలకీ వెనక రెక్కలుండాల్సిన చోట ఉండేవి అవే. ఎగిరేటప్పుడు ఒళ్లు తూలకుండా చూసేదీ అవే. మామూలు ఫోన్‌లో అది పడిందంటే ఎంత సంతోషం!

పురుగుల గురించి తెలిసినాయన ఒకరికి ఆ ఫోటోలు పంపి, ఇది ఏ జాతో పేరు చెప్పమని అడిగాను. సాయంత్రానికి జవాబొచ్చింది. "టిప్యులిడే కుటుంబం. ఇంతకు మించి ఈ ఫోటోలతో చెప్పలేం."

టిప్యులిడే అంటే క్రేన్ ఫ్లైల కుటుంబం, అది నాకూ తెలుసు. వీపు మీద 'వి' ఆకారంలో గాడి ఉందని రాసి పంపిందే నేను. జాతి పేరు కావాలని కదా అడిగాను! కూర తరుగుతూ కూడా అదే తలుచుకున్నాను. మా ఆయన రెండుసార్లు ఏమైందని అడిగితే ఏం లేదన్నాను.

నాకు ఇవంటే ఎందుకింత ఇష్టమంటే, తాతయ్య వల్లే. అమలాపురం దగ్గర కాలవగట్టు ఇల్లు. వానాకాలం కరెంటు పోతే లాంతరు చుట్టూ ఇవే. వీటి పిల్లపురుగులు తడిమట్టిలో, కుళ్లిన ఆకుల్లో పెరుగుతాయని చాలా ఏళ్లకు చదివాను, అప్పుడు ఆ ఇల్లంతా కళ్ల ముందుకొచ్చింది. ఒకరోజు ఒకటి తాతయ్య భుజం మీద వాలింది. ఆయన చదువుతున్న పేజీ కూడా తిప్పలేదు, అది ఎగిరిపోతుందేమోనని. నేను చెయ్యి చాపాను. కాలు నా వేళ్లలో ఉండిపోయింది, అది వెళ్లిపోయింది. ఒకటే ఏడుపు. "బల్లి తోక ఒదిలెయ్యదూ, అలాగేనే, ప్రాణం దక్కించుకుంది" అన్నాడు. ఆ కాలు లెక్కల నోట్సులో దాచుకున్నాను. వెంట్రుక కంటే కాస్త లావు, మూడుచోట్ల విరిగినట్టు కీళ్లు. సంక్రాంతి నాటికి పొడి అయిపోయింది.

ఇందాక గట్టిగా జవాబు రాద్దామని కూర్చుని ఫోటోలు పెద్దవి చేసి చూశాను. అన్నీ పక్కనుంచి తీసినవే. రెక్క మీద గోడ టైల్ మెరుపు పడింది, ఈనెలు ఎక్కడ కలుస్తున్నాయో ఒక్కదాంట్లోనూ లేదు. పొట్ట కొస మొద్దుగా ఉందా, సూదిగా ఉందా? అదీ తెలియట్లేదు. అంటే మగదో ఆడదో కూడా నేను చెప్పలేను. ప్రపంచంలో వీటిలో 15,000కు పైగా జాతులున్నాయి. చార్లెస్ అలెగ్జాండర్ అనే ఆయన ఒక్కడే 11,000కు పైగా జాతులకు పేర్లు పెట్టాడు, మన దేశపువి కూడా చాలా ఉన్నాయి వాటిలో. 1981లో పోయాడు. ఆయన పురుగును చేతిలో పెట్టుకుని చూశాడు. చాలా జాతుల్లో మగదాని పొట్ట కొసను మైక్రోస్కోపు కింద పెడితే గానీ తేలదు. జవాబిచ్చినాయన చెప్పింది నిజమే.

కానీ ఒక్క ముక్క ఎక్కువ రాస్తే ఏం పోయింది? పైనుంచి రెక్క ఒకటి, మీసాలొకటి, పొట్ట కొస ఒకటి తియ్యమని. ఆ మూడూ ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే పొద్దున్నే తీసేదాన్ని కదా. కోపం ఇంకా పోలేదు, సగమైంది.

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. అక్కడే ఉంది, పైపుకి జానెడు పైన. బాత్రూం తలుపు మీద "చీపురు వాడొద్దు" అని కాగితం అంటించాను. స్టూలు వేసుకుని ఎక్కితే పైనుంచి అందుతుంది. ఫోన్ ఛార్జింగ్ 40 శాతం ఉంది, చాలు.